బరువెక్కిన తపాలా సంచి

ఒకప్పుడు పోస్టుమాన్ భుజాన వేలాడే ఖాకీ సంచిలో ఊరి కష్టసుఖాలన్నీ ఇమిడి ఉండేవి. కొడుకు ఉద్యోగపు ఉత్తర్వు, అత్తవారింటి నుంచి కూతురు రాసిన క్షేమసమాచారం, దూరప్రాంతం నుంచి వచ్చిన మనియార్డరు, చావుకబురు మోసుకొచ్చిన తంతి – వీటిలో దేనికీ చెప్పుకోదగిన బరువు ఉండేది కాదు. బరువంతా వాటిలోని వార్తలదే. నేడు ఆ సంచి నిజంగానే బరువెక్కింది. సెల్‌ఫోను తెరను వేలితో తాకి కొన్న చెప్పులజత, కుక్కరు, పోటీపరీక్షల పుస్తకాలు, మందుల డబ్బా – అన్నీ గుమ్మం ముందుకే వచ్చి చేరాలని ప్రజలు ఎదురుచూస్తున్నారు. సంచి మారింది, దానిలోని సరకు మారింది, ఎదురుచూపుల తీరు మారింది. మారనిది దానిని మోసే మనిషి శ్రమను కొలిచే కొలమానం. ఉత్తరాల కాలానికి ఏర్పరచిన కొలతలతో పార్సిళ్ల కాలపు శ్రమను అంచనా వేయడమే తపాలా ఉద్యోగులపై పెరుగుతున్న ఒత్తిడికి మూలకారణం. సింగరేణి బొగ్గుగనుల నడుమ పెరిగిన బెల్లంపల్లి వంటి పట్టణాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తే ఈ విషయం మరింత తేటతెల్లమవుతుంది.

భారతదేశంలో తపాలా సౌకర్యం సామాన్య ప్రజలకు అందుబాటులోకి రావడం 1774లో, వారన్ హేస్టింగ్స్ కాలంలో మొదలైంది. 1854లో దేశమంతటికీ చెల్లుబాటయ్యే తపాలా బిళ్లలు, దూరంతో నిమిత్తం లేని ఏకరీతి రుసుము అమలులోకి వచ్చాయి. నేటి బెల్లంపల్లి ప్రాంతం ఆనాడు నిజాం రాజ్యంలో భాగం. ఆ రాజ్యానికి సొంత తపాలా వ్యవస్థ, 1869 నుంచి సొంత తపాలా బిళ్లలు ఉండేవి. 1950లో ఆ వ్యవస్థ భారత తపాలా శాఖలో విలీనమైంది.

వస్తువులను ఇంటికి చేర్చడం తపాలాకు కొత్త పనేమీ కాదు. వస్తువును అందజేసి, దాని వెలను గ్రహీత నుంచి వసూలు చేసి, అమ్మినవారికి పంపే వి.పి.పి. పద్ధతి 1877లోనే ప్రారంభమైంది. మద్రాసులో అచ్చయిన పుస్తకాలు తెలుగు పల్లెలకు చేరిన మార్గాలలో ఇదొకటి. ‘క్యాష్ ఆన్ డెలివరీ’ అని నేడు వ్యవహరించే పద్ధతికి అదే పూర్వరూపం. 1880లో మనియార్డరు వచ్చింది. 1986లో స్పీడ్‌పోస్టు ఆరంభమైంది. మరోవైపు పాతవి ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్‌పోస్టులో కలిపివేశారు. ఇది ఒక్క మన దేశానికే పరిమితమైన పరిణామం కాదు. నాలుగు శతాబ్దాల చరిత్ర గల డెన్మార్క్ తపాలా సంస్థ 2025 చివరితో ఉత్తరాల బట్వాడాను పూర్తిగా విరమించి, పార్సిళ్లకే పరిమితమైంది. కాబట్టి పార్సిల్ కొత్తది కాదు. కొత్తవి దాని సంఖ్య, దాని పరిమాణం, దాని వెంట వచ్చే తొందర.

ఈ మార్పు ఎంత బరువును తెచ్చిందో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. సాధారణ ఉత్తరానికి కనిష్ఠ రుసుము వర్తించే బరువు 20 గ్రాములు. అటువంటి ఉత్తరాలు నూరు కలిసినా రెండు కిలోగ్రాములకు మించవు. వాటిని ఒకే సంచిలో సర్దుకొని వీధి వెంట నడుస్తూ పంచవచ్చు. స్పీడ్‌పోస్టు ద్వారా పంపదగిన వస్తువు గరిష్ఠ బరువు 35 కిలోగ్రాములు. అంత బరువైనవి అరుదే కావచ్చు. కాని రెండు కిలోల పార్సిల్ ఒక్కటే నూరు ఉత్తరాలతో సమానం. పైగా ఉత్తరాన్ని తలుపు సందులోంచి జారవిడిచి వెళ్లవచ్చు. పార్సిల్‌ను అలా వదలడానికి వీలులేదు. తలుపు తట్టాలి, మనిషి రావాలి, పేరు సరిచూడాలి, సొమ్ము చెల్లించవలసి ఉంటే లెక్కపెట్టి తీసుకోవాలి, తెరపై సంతకం చేయించాలి. ఒక్కొక్క గుమ్మం దగ్గర ఖర్చయ్యే ఈ నిమిషాలు పైకి స్వల్పంగా కనిపించినా సాయంత్రానికి గంటలవుతాయి.

బెల్లంపల్లి నైసర్గిక స్వరూపం ఈ పనిని మరింత కఠినం చేస్తుంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించడంతో మొదలైన సింగరేణి చరిత్ర క్రమంగా గోదావరి ఉత్తరతీరానికి విస్తరించింది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తికావడంతో ఈ ప్రాంతపు బొగ్గుకు దారి ఏర్పడింది. గని చుట్టూ కార్మికుల ఇళ్లు, ఇళ్ల చుట్టూ బస్తీలు, బస్తీల మధ్య బజారు – ఈ క్రమంలో పట్టణం ఎదిగింది. ఇక్కడి ప్రజలు గనిని ‘బాయి’ అంటారు. కాలక్రమంలో పట్టణంలోని భూగర్భ గనులు చాలావరకు మూతపడ్డాయి. 2016లో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నుంచి మంచిర్యాల జిల్లా ఏర్పడినప్పుడు బెల్లంపల్లి అందులో చేరింది. గనులు పోయినా వాటి పేర్లు మాత్రం చిరునామాలలో మిగిలాయి.

చిరునామా విషయంలో ఒక విశేషాన్ని గమనించాలి. 1972 ఆగస్టు 15న దేశంలో పిన్‌కోడ్ విధానం ప్రారంభమైంది. బెల్లంపల్లి పిన్‌కోడ్ 504251. అందులోని మొదటి అంకె తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక ఉన్న మండలాన్ని, మొదటి మూడంకెలు పూర్వపు ఆదిలాబాద్ ప్రాంతాన్ని, చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. ఢిల్లీలో బయలుదేరిన సంచి ఆ ఆరంకెల సాయంతో తప్పిపోకుండా బెల్లంపల్లికి చేరుతుంది. అక్కడి నుంచి గుమ్మం దాకా మాత్రం అంకెలు దారి చూపవు. కన్నాలబస్తీ, శాంతిఖని, బాబుక్యాంపు వంటి వాడల్లో ఒకే పేరు గలవారు అనేకులు ఉండవచ్చు. సింగరేణి క్వార్టరుకు సంఖ్య ఉన్నా, కార్మికుడు పదవీ విరమణ చేస్తే అందులోకి మరొక కుటుంబం వస్తుంది. ‘పాత బాయి గేటు ఎదురుగా’ అని రాసినవారికి ఆ గేటు ఎక్కడ ఉండేదో తెలుసు. రాసినదాన్ని చదివే యంత్రానికి తెలియదు. ఆ బాయి ఎక్కడుండేదో, ఆ కుటుంబం ఎక్కడికి మారిందో జ్ఞాపకం ఉంచుకొనేది పోస్టుమాన్ మాత్రమే. ఏళ్ల తరబడి ఒకే బీటులో తిరిగి సంపాదించిన ఈ పరిజ్ఞానానికి ఏ పట్టికలోనూ విలువ కట్టరు. ఆ మనిషి సెలవు పెట్టినరోజున గాని దాని విలువ తెలిసిరాదు.

పోస్టుమాన్ ఉదయం కార్యాలయానికి చేరి, వచ్చిన సంచులు విప్పాక, తన బీటుకు చెందిన వాటిని వేరుచేసి, వీధుల వరుసలో పేర్చుకొని, లెక్క రాసుకొని బయలుదేరేసరికి ఎండ ముదురుతుంది. బొగ్గుపట్టణాల్లో మే నెల ఎండలు 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. వర్షాకాలంలో మరొక చిక్కు. తడిస్తే ఉద్యోగి ఆరబెట్టుకోగలడు. కాని పార్సిల్ తడిస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. సైకిలు మీదనో, సొంత మోటారుసైకిలు మీదనో ముందూ వెనుకా డబ్బాలు కట్టుకొని, కుక్కలను తప్పించుకొంటూ, గుంతల దారుల్లో తూకం నిలుపుకొంటూ సాగాలి. నడుమునొప్పి, మోకాళ్ల నొప్పి ఈ వృత్తిలోని వారికి వయసుతో పనిలేకుండా చుట్టాలవుతాయి. బట్వాడాకు వెళ్లే మహిళలకు దారిలో మరుగుదొడ్డి లేకపోవడం, నిర్మానుష్యమైన చోట్లకు ఒంటరిగా వెళ్లవలసి రావడం అదనపు కష్టాలు.

బెల్లంపల్లి వంటి చోట ఇంటి తలుపు ఎప్పుడు తెరుచుకొంటుందన్నది మరొక ప్రశ్న. గనులలో పని మూడు షిఫ్టులలో సాగుతుంది. పోస్టుమాన్ వచ్చే పగటివేళ కొందరు గనిలో ఉంటారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు గాఢనిద్రలో ఉంటారు. తలుపు తట్టి, “పెద్దమ్మా, మీ కొడుకు పేరు మీద పార్సిల్ వచ్చింది. ఏడు వందల యాభై కట్టాలె” అంటే, “రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే పండుకున్నడు బిడ్డా, ఎట్ల లేపాలె? పైసలు వాని దగ్గర్నే ఉన్నయి. రేపు రా” అన్న సమాధానం రావచ్చు. ఆ తల్లి మాటలో తప్పులేదు. తలుపు తట్టిన ఉద్యోగిదీ తప్పు కాదు. కాని ఆ పార్సిల్ మళ్లీ సంచిలోకి చేరుతుంది, మరునాటి భారానికి తోడవుతుంది. ఒకసారి మోసిన బరువునే రెండోసారి మోయవలసి వస్తుంది. లెక్కల్లో మాత్రం అది ఒక్క బట్వాడాగానే నమోదవుతుంది.

ఈ సమస్యను జపాన్ దేశం కొంత ముందుగా ఎదుర్కొన్నది. 2015 ప్రాంతంలో అక్కడి పార్సిళ్లలో సుమారు ఐదోవంతు మొదటి ప్రయత్నంలో అందక, మళ్లీ తీసుకువెళ్లవలసి వచ్చేవి. ఉద్యోగులు విరామం లేని శ్రమతో అలసిపోవడాన్ని గుర్తించి, యమాటో అనే పెద్ద పార్సిల్ సంస్థ 2017లో మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్య సమయాన్ని కోరుకొనే వెసులుబాటును రద్దుచేసింది. బట్వాడా చేసేవారు స్థిమితంగా భోజనం చేయాలన్నది అందులోని ఉద్దేశం. రుసుములను సైతం పెంచింది. సాంకేతికతలో అగ్రగామి అయిన దేశం కూడా చివరకు ఒక మనిషి అన్నం తినే సమయాన్ని గురించి ఆలోచించవలసి వచ్చిందన్నది ఇందులో గ్రహించవలసిన విషయం.

శరీరంపై పడే బరువు కంటికి కనిపిస్తుంది. మనసుపై పడే బరువు కనిపించదు. నేడు ప్రతి పార్సిల్ ప్రయాణం కొన్నవారి సెల్‌ఫోనులో అడుగడుగునా కనిపిస్తుంది. ‘బట్వాడాకు బయలుదేరింది’ అన్న సందేశం రాగానే గడియారం చూడడం మొదలవుతుంది. సాయంత్రానికి అందకపోతే ఫిర్యాదు నమోదవుతుంది. ఈ పారదర్శకత వినియోగదారుకు మేలు చేసేదే. దీనిని కాదనవలసిన పనిలేదు. అయితే తెరపై కనిపించే నాలుగు మాటలు జరిగినదంతా చెప్పలేవు. ‘తలుపు తాళం వేసి ఉంది’, ‘చిరునామా అసంపూర్ణం’, ‘గ్రహీత నిరాకరించారు’ వంటి కొన్ని కారణాల్లోంచే ఒకదాన్ని ఉద్యోగి ఎంచుకోవాలి. ‘రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్నాడు’ అనే కారణం ఆ జాబితాలో ఉండదు. ‘చీకటి పడింది, ఇంకా పది ఇళ్లు మిగిలాయి’ అనేది అసలే ఉండదు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. గుమ్మం దాకా వెళ్లకుండానే తాళం వేసి ఉందని నమోదు చేశారని వినియోగదారులు ఫిర్యాదు చేయడం కద్దు. ఇంట్లో కూర్చొని ఎదురుచూసినవారికి అది కేవలం అబద్ధం. వారి కోపం న్యాయమైనదే. ఆ పార్సిల్‌లో వృద్ధుని మందులు ఉండవచ్చు, విద్యార్థి ధ్రువపత్రాలు ఉండవచ్చు. అబద్ధపు నమోదును ఏ కారణమూ సమర్థించలేదు. కాని ఆ అబద్ధం పుట్టిన చోటు ఏదో కూడా విచారించాలి. ఒక రోజులో ముగించడానికి సాధ్యంకాని పనిని అప్పగించి, ముగియలేదని ఒప్పుకొనే అవకాశం కూడా ఇవ్వకపోతే, నిజాయితీపరుడు నిందపాలవుతాడు, బలహీనుడు తప్పుడు నమోదుకు పాల్పడతాడు. వ్యక్తిని శిక్షించినంత మాత్రాన ఈ పరిస్థితి మారదు.

సొమ్ముకు సంబంధించిన బాధ్యత వీటన్నిటికంటె సున్నితమైనది. వసూలు చేసిన ప్రతి రూపాయి సాయంత్రం కార్యాలయంలో లెక్క తేలాలి. నకిలీ నోటు వచ్చినా, చిల్లర పొరపాటు జరిగినా ఆ లోటు పూడ్చుకోవలసింది ఉద్యోగే. 1898 నాటి చట్టం స్థానంలో వచ్చిన తపాలా కార్యాలయ చట్టం–2023, 2024 జూన్‌లో అమలులోకి వచ్చింది. మోసపూరితంగానో ఉద్దేశపూర్వకంగానో నష్టం, ఆలస్యం కలిగించినప్పుడు తప్ప తపాలా ఉద్యోగి వ్యక్తిగతంగా బాధ్యుడు కాడని ఆ చట్టం చెబుతుంది. అయితే కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ నియమావళిలో, నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వానికి కలిగిన ధననష్టాన్ని జీతంలోంచి రాబట్టడం ఒక శిక్షగా ఉంది. పొరపాటుకూ నిర్లక్ష్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది పైఅధికారి విచక్షణపై ఆధారపడుతుంది. అందువల్ల ఖరీదైన పార్సిల్ చేతికి వచ్చినరోజున, అది సరైన చేతికి చేరేదాకా ఉద్యోగికి మనశ్శాంతి ఉండదు.

పట్టణం దాటితే కష్టం స్వరూపం మారుతుంది. బెల్లంపల్లి రెవెన్యూ డివిజన్‌లోని నెన్నెల, భీమిని, ప్రాణహిత తీరాన ఉన్న వేమనపల్లి వంటి మండలాల్లో ఊరికీ ఊరికీ మధ్య అడవి, వాగులు అడ్డుపడతాయి. ఇటువంటి చోట్ల బట్వాడా భారం గ్రామీణ డాక్ సేవక్‌లది. దేశంలో ఉన్న 1,64,000కు పైగా తపాలా కార్యాలయాలలో సుమారు 90 శాతం గ్రామాల్లోనే ఉన్నాయి. వాటిని నడుపుతున్న డాక్ సేవక్‌ల సంఖ్య దాదాపు 2.5 లక్షలు. గ్రామంలోని ఉపాధ్యాయుడో, దుకాణదారుడో తన పనితోపాటు రోజుకు కొన్ని గంటలు తపాలా పని చూసుకొంటాడన్న ఊహపై ఈ వ్యవస్థ బ్రిటిష్ కాలంలో ఏర్పడింది. వారు కూడా సివిల్ పదవులలో ఉన్నవారేనని, రాజ్యాంగపరమైన రక్షణకు అర్హులేనని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. అయినా సాధారణ ఉద్యోగుల వేతనశ్రేణి వారికి వర్తించలేదు. 2018 మే, జూన్ మాసాలలో వారు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. కేంద్ర మంత్రివర్గం వేతన సవరణను ఆమోదించింది. దాని ప్రకారం నాలుగు గంటల పనికి డాక్ సేవక్‌కు కనీసం నెలకు 10,000 రూపాయలు, బ్రాంచి పోస్టుమాస్టర్‌కు 12,000 రూపాయలు, వాటిపై కరువు భత్యం నిర్ణయమయ్యాయి.

ఇక్కడ ‘నాలుగు గంటలు’ అన్న మాటను గమనించాలి. అవి పోస్టుకార్డుల కాలంలో ఊహించిన గంటలు. 2018 సెప్టెంబరులో తపాలా శాఖ పేమెంట్స్ బ్యాంకు ప్రారంభమైనాక గ్రామీణుని గుమ్మం ముందే వేలిముద్ర తీసుకొని సొమ్ము ఇచ్చే పని చేరింది. సామాజిక పింఛన్ల పంపిణీ, పొదుపు ఖాతాలు, బీమా పాలసీల సేకరణ ఉన్నాయి. వీటికి పార్సిళ్లు తోడయ్యాయి. అడవిదారిలో సిగ్నలు అందకపోతే తెరపై నమోదు ఆగిపోతుంది. పని గంటల లెక్క నాలుగు దగ్గరే నిలిచిపోయినా, సూర్యుడు మాత్రం ఆగడు. డాక్ సేవక్‌లకు ఇచ్చే భత్యాలలో ఒకదాని పేరు ‘సైకిలు నిర్వహణ భత్యం’. ఆ పేరే ఈ వ్యవస్థ ఏ కాలపు ఊహలో నిలిచి ఉందో చెబుతుంది.

పరిష్కారాలు లేకపోలేదు. పట్టణాల్లో పార్సిళ్ల బట్వాడాకు ప్రత్యేక కేంద్రాలు ఏర్పాటు చేసి, మోటారు వాహనాలు సమకూర్చే దిశలో తపాలా శాఖ అడుగులు వేస్తున్నది. 2025లో ప్రకటించిన ‘డిజిపిన్’ విధానం దేశంలోని ప్రతి నాలుగు మీటర్ల చదరపు స్థలానికీ పది అక్షరాంకెల గుర్తును ఇస్తుంది. చిరునామా చిక్కుముడిని విప్పడానికి అది కొంత తోడ్పడగలదు. ఇవి ఫలించాలంటే పని కొలతలు మారాలి. ఉత్తరాల సంఖ్యను కాక, మోసిన బరువును, ఎక్కిన మెట్లను, తిరిగి వెళ్లిన గుమ్మాలను లెక్కించాలి. బీటు విస్తీర్ణాన్ని ఆ లెక్కను బట్టి నిర్ణయించాలి. ఈ రోజు ముగియలేదని నిజం చెప్పిన ఉద్యోగికి శిక్ష పడని వాతావరణం ఉండాలి.

గుమ్మానికి అవతలి పక్క ఉన్నవారికీ కొంత కర్తవ్యం ఉంది. చిరునామాలో పిన్‌కోడ్‌ను, పనిచేసే ఫోను నంబరును స్పష్టంగా రాయడం, ఇంట్లో ఉండే వేళను తెలిపి ఉంచడం, చెల్లించవలసిన సొమ్మును సరిపడా చిల్లరతో ఇంటివారి చేతికి ఇచ్చి వెళ్లడం, ఎండలో వచ్చిన మనిషికి గ్లాసెడు మంచినీళ్లు అందించడం – వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడినది కాదు. వీటి వల్ల ఒక్క బరువును రెండుసార్లు మోసే అవస్థ తప్పుతుంది.

భూమి లోపలి నుంచి బొగ్గును పైకి తెచ్చే కార్మికుని శ్రమ ఎంతటిదో బెల్లంపల్లికి తెలుసు. టబ్బులోని బొగ్గును మాత్రమే చూసి, దానిని తవ్విన చేతులను మరచిపోవడం ఎంత అన్యాయమో ఆ ఊరు తరతరాలుగా చెబుతూనే ఉంది. గుమ్మం ముందు నిలిచిన పార్సిల్ విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుంది. డబ్బాపై అంటించిన కాగితంలో పంపినవారి పేరు, అందుకొనేవారి పేరు ఉంటాయి. మోసుకొచ్చినవారి పేరు ఉండదు. పేరు లేని ఆ మూడో మనిషిని గుర్తించినప్పుడే, ఆ పార్సిల్ ప్రయాణం సంపూర్ణమైనట్లు.